గోల్‌కీపర్‌ని దాచిన పది రోజులు

మా ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న ఇద్దరు బ్యాంకు కుర్రవాళ్లకు ఫుట్‌బాల్ పిచ్చి ముదిరిపోయింది. పోయిన వారం ఒక సాయంత్రం ఇద్దరూ కిందికి దిగొచ్చి మా వసారాలో కూర్చుని, సెల్‌ఫోన్ మధ్యలో పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. విదేశాల్లో క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే గడువు ఆ రోజుతో ముగుస్తుందట, ఎవరో గోల్‌కీపర్ కొత్త క్లబ్బుకు సంతకం చేస్తాడా లేదా అని లోకమంతా ఎదురుచూస్తోందట, తెర మీద గంటలూ నిమిషాలూ తరిగిపోతున్నాయి. నేనూ ముందు సరదాగానే వాళ్ల పక్కన చేరాను గానీ కాసేపటికి కూర్చోలేకపోయాను. లోపలికి పోయి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి మళ్లీ బయటికి వచ్చాను, పాలు పొంగి పొయ్యంతా పాడయ్యాక లోపలికి పరుగెత్తాను, తుడవకుండానే మళ్లీ వచ్చి నిలబడ్డాను. ఆ పిల్లలు నాకు రక్తపోటు పెరిగిందేమోనని భయపడి పైకి వెళ్లిపోయారు. గడువు, ఆఖరి రోజు, సంతకం అన్న మాటలు ఒకచోట వినబడితే చాలు, డెబ్బైకి దగ్గరపడిన ఈ వయసులో కూడా నాకు కాళ్లు ఒకచోట నిలవవు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నంద్యాలలో సాయంత్రమైతే కుర్రవాళ్లంతా ఫుట్‌బాల్ మైదానంలోనే ఉండేవాళ్లు. మా నాయన ఒక బడిలో గుమాస్తా, ఊరి క్లబ్బుకు కార్యదర్శి. క్లబ్బుకు వేరే ఆఫీసంటూ లేదు, మా ఇంటి పడసాలే ఆఫీసు. అటక మీద మా అమ్మ ఊరగాయ జాడీల పక్కనే తోలు బంతులు, గాలి పంపు, చెమట వాసన కొట్టే జెర్సీల మూట ఉండేవి, ఆ మూటను చూసినప్పుడల్లా అమ్మ ముక్కు మూసుకుని నాయన్ను నాలుగు తిట్టేది. నాయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు కనుక క్లబ్బు ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని, వచ్చినవన్నీ నేనే చింపి చదివేదాన్ని. కాలేజీలో చదివే ఆడపిల్లకు ఫుట్‌బాల్ క్లబ్బు వ్యవహారాలెందుకని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే ఆ పని నాకు ప్రాణం.

వానలు వెనకబట్టాక, పోటీలు మొదలయ్యే ముందు, జిల్లా సంఘం వాళ్లు పది రోజులు గడువిచ్చేవాళ్లు. క్లబ్బు మారాలనుకున్న ఆటగాడు ఆ పది రోజుల్లోగా స్వయంగా కర్నూలుకు పోయి, ఆఖరి రోజు సాయంత్రం అయిదు గంటలలోపల పెద్ద పుస్తకంలో సంతకం పెట్టాలి. లేకపోతే ఆ ఏడాదంతా పాత క్లబ్బుకే ఆడాలి. ఇంకో నియమం కూడా ఉండేది. కొత్త క్లబ్బువాళ్లు ఆటగాడికి ఏం చెప్పాలన్నా పాత క్లబ్బు ద్వారానే ఉత్తరం పంపాలి. పెద్దమనుషుల మర్యాద కోసం పెట్టిన నియమమది. పిల్లి చేతికి వెన్నముద్ద ఇచ్చి మరొకరికి అందించమన్నట్టే ఉండేదని నాకిప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు అందులో తప్పేమీ తోచలేదు.

ఆ పది రోజులూ ఊళ్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. మంచి ఆటగాడెవరైనా ఉంటే అవతలివాళ్లు జీపేసుకుని వచ్చి మాటల్లో పెట్టి ఎక్కించుకుని పోతారని భయం, అందుకని ప్రతి క్లబ్బూ తన ఆటగాళ్లను దాచేది. ఒకడిని సంజామలలో ఎవరి అక్కగారింటికో, ఇంకొకడిని జూపాడు బంగ్లాలో ఎవరి బావమరిది పొలానికో పంపేవాళ్లు, అక్కడ వాళ్లను చుట్టాలని చెప్పుకునేవాళ్లు. దాచినవాళ్లకూ దాగినవాళ్లకూ అదొక పండగలా ఉండేది, పది రోజులు కోడికూర తిని బలిసి వచ్చిన ఆటగాళ్లను పరుగెత్తించలేక నాయన తల పట్టుకునేవాడు.

మా గోల్‌కీపర్ ట్రంకుపెట్టెల భాయి కొడుకు. భాయి అంగడి మా వీధి మలుపులోనే ఉండేది, రేకు కత్తిరించే చప్పుడు పొద్దుటి నుంచి వినబడుతూ ఉండేది. ఆ అబ్బాయి నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అనేవాడు. పొడుగు మనిషి, రేకు కోసుకుని కోసుకుని మొద్దుబారిన పెద్ద చేతులు, ఆ చేతుల్లోకి వచ్చిన బంతి ఇక జారేది కాదు. అప్పటికే జనం రేకు పెట్టెలు మానేసి సూట్‌కేసులు కొనడం మొదలుపెట్టారు, భాయికేమో చూపు మందగించింది, కింద ఇంకా ఇద్దరు తమ్ముళ్లు. అంతకుముందు ఏడాది ఆళ్లగడ్డతో ఆట అయిపోయాక అక్కడి క్లబ్బు పెద్ద ఒకాయన వీడి భుజం తట్టి, తన పత్తి మిల్లులో ఉద్యోగం చూస్తానని, గడువు రోజుల్లో ఉత్తరం రాస్తానని అన్నాడట. అప్పటినుంచి వాడు ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాడు, ఆ సంగతి దాచుకోకుండా మా నాయనకూ చెప్పాడు.

నాయన వాడిని కూర్చోబెట్టి చెప్పిన మాటలు నేను పక్కనే ఉండి విన్నాను.

"ఉద్యోగం గిద్యోగం ఏమీ ల్యాకుండానే నిన్ను ఎత్తకపోయి సంతకం పెట్టించుకుంటారు, మల్ల బెంచీ మీద కూచోబెడతారు. నిజంగా ఉద్యోగమిచ్చేటోళ్లయితే ఉత్తరం మన ఇంటికే గదా రావల్ల. వస్తే నేనే నిన్ను కర్నూలు బస్సెక్కిస్తా. అంతవరకూ నా మాట ఇను."

వాడు తలూపాడు. నాయన మాటంటే వాడికి అంత నమ్మకం.

వాడిని ఎక్కడ దాచాలన్నది పెద్ద చిక్కయింది. వాళ్ల చుట్టాల ఇళ్లన్నీ అవతలివాళ్లకు తెలుసు. చివరికి నాయనకు ఒక ఆలోచన తట్టింది. మా అమ్మ పుట్టిల్లు అహోబిలం, మా తాత గుడిలో ఆళ్వారుల ప్రబంధం చదివేవాడు. ఆ ఇంట్లో ఒక సాయిబుల పిల్లవాడు ఉంటాడని కలలో కూడా ఎవరూ అనుకోరు. అయితే అహోబిలం పోవాలంటే ఆళ్లగడ్డ మీదుగానే పోవాలి. నాయనా, నేనూ, వాడూ కలిసి బస్సెక్కాం, శిరివెళ్ల దాటగానే నా శాలువా వాడికి తల మీదుగా కప్పి జ్వరం మనిషిలా పడుకోబెట్టాం. ఆళ్లగడ్డలో బస్సు పావుగంట నిలబడింది. కిటికీ పక్కనే టీ అంగడి, అక్కడ ఆ క్లబ్బులో వెనక వరసలో ఆడేవాళ్లిద్దరు టీ తాగుతూ మమ్మల్ని చూసి నాయనకు నమస్కారం కూడా పెట్టారు. శాలువా కింద వీడు నవ్వాపుకోలేక వణుకుతుంటే, ఎవరో ముసలావిడ అయ్యో పాపం చలిజ్వరం అని జాలిపడింది. తాతగారింటికి చేరేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం, ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

తాతగారింట్లో వాడిని ట్రంకుపెట్టెలు బాగుచేసే మనిషని చెప్పాం, అది అబద్ధం కూడా కాదు. అవ్వ మొదటి రోజు వసారాలో ఆకు వేసి దూరం నుంచి వడ్డించింది, మూడో రోజుకు తన పెళ్లినాటి పెట్టె మూత సరిగ్గా పడేలా చేశాడని మురిసిపోయి పక్కన కూర్చుని కొసరి కొసరి పెట్టిందట. వీధిలో ఏ ఇంట్లో తుప్పు పట్టిన పెట్టె ఉన్నా వాడి ముందుకు వచ్చేసింది. వాడికి ఊరికే కూర్చోవడం చేతకాదు, చేతిలో పని లేకపోతే గోడకు బంతి కొట్టి పట్టుకునేవాడట, ఆ చప్పుడుకు తాత ప్రబంధం మధ్యలో తప్పిపోయి విసుక్కునేవాడట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి, ఎందుకంటే నాయనా నేనూ మర్నాడే నంద్యాలకు వచ్చేశాం.

ఆరో రోజున ఉత్తరం వచ్చింది. ఆళ్లగడ్డ క్లబ్బువాళ్లు నియమం ప్రకారం మా చిరునామాకే, గోల్‌కీపర్ పేరు మీద రాశారు. మిల్లులో పక్కా ఉద్యోగం, ఆట మానేసినా తీసేయరు, గడువు లోపల సంతకం పెడితే ఆ మర్నాటి నుంచే పనిలో చేరవచ్చు, రాకపోతే వేరే గోల్‌కీపర్‌ని చూసుకుంటాం అని స్పష్టంగా ఉంది. నేనే చింపాను, నేనే చదివాను. నాయనకిస్తే ఆయన రెండుసార్లు చదివి, మడిచి, గాలి పంపు పెట్టుకునే డబ్బాలో పడేసి, నా వైపు చూడకుండా అన్నాడు.

"గడువు అయిపోయినాంక చెప్తాంలే. వచ్చే ఏడాదికి మిల్లు యాడికీ పోదు."

ఎనిమిదో రోజున నాయన నన్ను వాడికి బట్టలూ, అతుకులకు కావలసిన సామానూ ఇచ్చి అహోబిలం పంపాడు, తాను పోతే ఎవరి కళ్లలోనైనా పడతానని. బస్సులో ఆ రెండు గంటలూ నేను సీటు అంచున కూర్చునే ఉన్నాను. చెప్పాలా వద్దా అని ఊరూరికీ మనసు మార్చుకున్నాను. శిరివెళ్లలో చెప్పేద్దామనుకున్నదాన్ని ఆళ్లగడ్డలో వద్దనుకున్నాను. వీధి మొదట్లోనే వాడు నాకు ఎదురొచ్చాడు.

"అక్కా, ఉత్తరమేమన్నా వచ్చిందా?"

"ఏమీ రాల్యా."

అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. వాడు సరేనని నా చేతిలో సంచీ అందుకున్నాడు.

మిగిలిన రెండు రోజులూ నేనక్కడే ఉన్నాను. ఆఖరి రోజు పొద్దున వాడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"నేను ఆళ్లగడ్డకు పోయి అడిగొస్తా అక్కా. ఉత్తరం రాయడం మరిచిపోయినారేమో. ఈడ కూచోలేకుండా ఉండా."

పొద్దుటి బస్సు అందితే ఆళ్లగడ్డలో అడిగి, అక్కడినుంచి అయిదులోపల కర్నూలు చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. నాయన వచ్చేదాకా కదలద్దన్నాడని చెప్పాను, అవ్వ పెట్టె ఇంకొకటి మిగిలిందని చెప్పాను, ఇంకా ఏమేమో చెప్పాను. వాడు చెప్పులు విప్పి పెట్టె ముందు కూర్చున్నాడు. ఆ పగలంతా వాడు రేకు కొడుతూనే ఉన్నాడు, నేను ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాను, గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉన్నాను. అయిదు కొట్టినప్పుడు నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు, దొడ్లోకి పోయి చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ ఏడాది కప్పు మా ఊరికే వచ్చింది, అదీ ఆళ్లగడ్డ మీద గెలిచి. వాడిని భుజాల మీద ఊరేగించారు. అవతలి గోల్‌లో నిలబడినవాడు మిల్లులో ఆ ఉద్యోగం సంపాదించుకున్న కొత్త కుర్రవాడేనని, ముందు మావాడికే ఉత్తరం రాశారన్న సంగతి ఆట అయ్యాక వాడే మాటల్లో మావాడికి చెప్పాడని తరవాత తెలిసింది. మావాడు జెర్సీ ఉతికి మడిచి తెచ్చి మా పడసాలలో పెట్టి, నాయనకు నమస్కారం చేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆడలేదు. నాయన రెండుసార్లు వాళ్ల అంగడికి పోయి వచ్చాడు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మరుసటి ఏడాదికి మిల్లువాళ్లకు గోల్‌కీపర్ అవసరం లేదు.

నాయన చనిపోయిన ఏడాది నేనే వాడి దగ్గరికి వెళ్లాను. పెట్టెల అంగడి పోయి బీరువాలూ కూలర్లూ బాగుచేసే అంగడి అయింది, వాడికీ జుట్టు నెరిసింది. స్టూలు తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఇన్నేళ్లకు చెబుతున్నానంటూ ఉత్తరం సంగతి మొదలుపెట్టాను. వాడు చేతిలో పని ఆపకుండా అడ్డుపడ్డాడు.

"తెలుసులే అక్కా. కప్పు గెల్చిన పొద్దే తెలిసింది నాకు. నిన్ను నేనెప్పుడన్నా ఏమన్నా అన్యానా? నాయన చెప్పద్దంటే నువ్వేం చేస్తావ్. ఆడపిల్లవి. నన్ను దాచిపెట్టినట్లే నిన్నూ ఆడ దాచిపెట్టినారు."

అంత మంచి మాట నన్ను ఎవరూ అనలేదు. అది నిజం కాదు. నాయన అహోబిలంలో లేడు, ఆయనంటే నాకు భయమూ లేదు, అవునని ఒక్క మాటంటే వాడు బస్సెక్కేవాడు. ఆ ఏడాది కప్పు మన ఊళ్లో ఉండాలని, ఆ చేతులు మన గోల్‌లోనే ఉండాలని నాకూ ఆశ ఉండింది. నాయన చెప్పకపోయినా నేను ఆ అబద్ధమే ఆడి ఉండేదాన్ని. ఈ సంగతి చెప్పడానికే వెళ్లినదాన్ని, వాడు క్షమించిన మాట వినగానే నోరు మూసుకుని టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఆటగాళ్లకు ఎవరేమిస్తారో వాళ్ల ఫోనుకే వస్తుంది, వాళ్ల తరఫున మాట్లాడే మనుషులుంటారు, మధ్యలో ఏ కార్యదర్శి కూతురూ కవరు చింపక్కర్లేదు. ఆటను వ్యాపారం చేశారని మన ఈడువాళ్లు వాపోతుంటారు, మన కాలంలో ఊరి మీద అభిమానంతో ఆడేవాళ్లని చెప్పుకుంటారు. నేనూ అందరిలాగే తలూపుతాను. ఆ అభిమానం ఎంత నిజమో నాకు తెలుసు, దాని కోసం ఎవరి బతుకు ఖర్చుపెట్టామో కూడా తెలుసు. వాడి అంగడి మా ఇంటికి పది నిమిషాల దూరం. మా కూలర్ పాడై రెండు వేసవులు గడిచాయి, ఇంకా బాగుచేయించలేదు.