కుప్ప ఖాళీ చేసి దిగిన సమ్మె

1967. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు. మా ఆయన పోయాక నన్ను అక్కడ బ్యాచింగులో పెట్టుకున్నారు. బ్యాచింగ్ అంటే గోగునార మీద నూనె, నీళ్లు చల్లి, మెత్తబడేదాకా కుప్పవేసి ఉంచడం. మా మిల్లులో ఆ పని ఆడవాళ్లదే. కుప్పను వేళకు కార్డింగుకు, అంటే నార దువ్వే మిషన్లకు, పంపాలి. ఆలస్యమైతే లోపల వేడెక్కి కుళ్లిపోతుంది.

ఆ నూనెకు చేతులు పుళ్లు పడేవి. సబ్బు ఇమ్మంటే మేనేజరు నవ్వాడు. ఒకరోజు కోపమొచ్చి, తడి కుప్పను ఉన్నదున్నట్టు వదిలేసి అందరం యూనియన్ జెండా పాతి గేటు బయట కూర్చున్నాం. కుప్ప పొగలు కక్కుతోందని తెలియగానే మేనేజరే గేటు దాకా వచ్చాడు. సబ్బు ఇచ్చాడు. మేమేమో అదంతా జెండా మహిమ అనుకున్నాం.

మరుసటి ఏడు, సూపర్‌వైజరుకు ఎదురు చెప్పానని నన్ను తీసేశారు. అసలు కోపం, సబ్బు కోసం ముందు నిలబడి మాట్లాడింది నేనేనని. నన్ను తిరిగి తీసుకోవాలని యూనియన్ సమ్మె ప్రకటించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సమ్మె మొదలైన పొద్దున, పక్కింటి పైడితల్లి గేటు దగ్గర నా పక్కన చేరింది. బ్యాచింగులో నా జోడీ ఆమే.

"కుప్ప ఏటి సేసినారే?" అన్నాను.

"నిన్ననే మొత్తం దువ్వించేసినామప్పా. నేల ఊడ్సి, మిషనుకి బొట్టెట్టి వచ్చినాం. పండగ సెలవులకి సెయ్యమేటి?"

"ఓలమ్మా! ఇది పండగేటే?"

"అన్నం పెట్టిన నార కుళ్లిపోతే పాపం కాదేటి?"

మేనేజరు గేటుకు తాళం వేసుకుని ఇంటికి పోయాడు. గోడౌను నిండా అమ్మకానికి సిద్ధంగా గోనె సంచులున్నాయి. అవి కుళ్లవు. వారాలు గడిచాయి. పొయ్యిలు ఆరాయి. వరి కోతలకు సగం మంది పోయారు. గేటు దగ్గర జనం పలచబడి, ఒక్కోపూట నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. చివరికి నాయకుడు ఒప్పందం చేసుకొచ్చాడు. అందరినీ తీసుకుంటారు, నన్ను తప్ప.

తెల్లారి పైడితల్లి క్యారేజీతో నా గుమ్మం ముందు ఆగింది.

"ఏటి సెయ్యమంటావప్పా, పిల్లలు..."

"ఎల్లవే, గేటు మూసేత్తాడు."

ఆ తర్వాత నేను కనబడితే తల దించుకుని గబగబా నడిచిపోయేది. నేనూ పిలవలేదు. పగలంతా ఆ వీధిలో పలకరించే దిక్కు లేక, గోడతో మాట్లాడుకున్న రోజులున్నాయి.

అలా ఒంటరిగా కూర్చునే తెలుసుకున్నాను. మేనేజరు సరుకులో ఆగలేనిది మా చేతిలో ఉన్నంతసేపే మా మాట చెల్లింది. దాన్ని మేమే శుభ్రంగా ఊడ్చి అప్పగించాక, ఆగలేనివి మా కడుపులే అయ్యాయి.