మా ఇంటి నంబరు

నా చిన్నప్పుడు మా నాయినమ్మ ఆడిన అబద్ధాల్లో ఒకటి నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

సిరిసిల్లలో మా మగ్గాల ఇంటి అరుగు మీదికి ఒకామె వచ్చి చేరింది. వేములవాడ జాతరకు తెచ్చి ఎవరో వదిలేసి పోయారని చెప్పుకునేవాళ్లు. తనలో తనే మాట్లాడుకునేది, దగ్గరికి పోతే రాయి అందుకునేది. మేం పిల్లలం దూరం నుంచే అన్నం గిన్నె జరిపి, ఏదో పుణ్యం చేసినట్టు మురిసిపోయేవాళ్లం. నాయినమ్మకు మా పుణ్యం చూస్తే ఒళ్లు మండేది. "కుక్కకు వెట్టినట్టు వెడ్తున్నరు" అని తిట్టేది.

ఆ చలికాలం ఆమె తిండి కూడా మానేసింది. ఇలాగే ఉంటే చచ్చిపోతుందని నాకు భయమేసింది. కరీంనగర్‌లో పెద్ద దవాఖాన ఉంది, కానీ రమ్మంటే వస్తుందా? తాళ్లతో కట్టి తీసుకుపోదామన్నారు వాడలో మగవాళ్లు. నాయినమ్మ ససేమిరా అంది.

మేం పారేసిన నూలు ముక్కలను ఆమె ఏరి పుల్లకు చుట్టడం నాయినమ్మ కనిపెట్టింది. కండెల గంప తెచ్చుకుని అరుగుకు ఆ చివర కూర్చుని, మాటా పలుకూ లేకుండా రెండు రోజులు ఆ పుల్లల్లాంటి కండెలకు నూలు చుట్టింది. మూడో రోజు ఆమె జరిగి వచ్చి తనూ ఒక కండె అందుకుంది. అప్పుడు నాయినమ్మ మెల్లగా, "నాకు తల తిరుగుతున్నదే. దవాఖానకు ఒక్కదాన్నే పోలేను, తోడస్తవా?" అంది. మర్నాడు బస్సు దిగేటప్పుడు ఆమే నాయినమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనకాల నేను.

దవాఖానలో చీటీ రాసే ఆయన ఆమె పేరు, ఊరు, ఇంటి నంబరు అడిగాడు. ఆమె నేల చూసింది. అవి లేకుంటే చీటీ రాయరు, ఇక అయిపోయిందనుకున్నాను. నాయినమ్మ తడుముకోలేదు. "నా చెల్లె. రాస్కో సారూ" అని తన తల్లిగారింటి వైపు పేరొకటి తగిలించి, మా ఇంటి నంబరు చెప్పింది. డాక్టరుకు ముందు తను చెయ్యి చూపించుకుని, "ఇగ నువ్వు కూసో" అని స్టూలు మీంచి లేచింది.

డాక్టరు రాసిన గోలీ రోజూ పొద్దున చాయ్‌తో నాయినమ్మే ఇచ్చేది. ఎండలు ముదిరే వేళకు ఆమె తన అసలు పేరు చెప్పింది. చివరిదాకా మా ఇంట్లోనే కండెలు చుట్టింది. నేను చిన్న నాయినమ్మా అని పిలిచేదాన్ని.

ఇప్పుడు వేములవాడ బస్టాండులో దిక్కులేక పడుకునే ఆడవాళ్లను నేను సిరిసిల్ల దవాఖానకు తీసుకుపోతుంటాను. మొన్న చీటీ రాసే పిల్ల నవ్వింది. "ఒక్క ఇంటి నంబరు మీద మీకు ఎంతమంది చెల్లెండ్లమ్మా?"

"ఇంకొకామె బయట ఆటోల ఉన్నది బిడ్డా, ఆమెను గూడ రాస్కో" అన్నాను.