దక్షిణపు కిటికీ దగ్గర ఎండ కోసం

ఆ పెద్దమనిషి మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

మెల్‌బోర్న్‌లో మా ఆఫీసు పక్కనే ఒక పాత రాతి చర్చి ఉంది. ఐరోపాలోని మధ్యయుగాల కెథడ్రల్‌ను చూసి మక్కికి మక్కి దించి కట్టారు. ఎత్తైన స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు. రెండేళ్లపాటు లంచ్ బాక్సు బయటే ముగించి, మిగిలిన కాసేపూ లోపల కూర్చుని ఆ వెలుతురు చూశాను. శనివారాలు వచ్చే తెలుగువాళ్లకు చర్చి చూపించడానికి ఒక గైడ్ కావాలని అక్కడి తెలుగు ఫాదర్ అన్నప్పుడు, ఆ పని నాకే రావాలని ప్రాణం కొట్టుకుంది.

పోటీకి దిగింది, ఊరి చివరి క్రెయిగీబర్న్ పేటలో ఉంటాడని మేం క్రెయిగీబర్న్ అంకుల్ అని పిలిచే పెద్దాయన. ఆ పనికి పేర్లిచ్చిన మా నలుగురైదుగురిలో పెద్దరికం ఆయనది కాబట్టి శిక్షణా ఆయనే ఇచ్చాడు. అదంతా ఆఫీసులయ్యాక, చలికాలపు సాయంత్రాలు, లైట్ల కింద. పుస్తకం బట్టీ పట్టి అప్పజెప్పేవాడు. ఆనాటి శిల్పులకు వెలుతురంటే దేవుడి సన్నిధి అట. ఎండ తగలని ఉత్తరపు గోడకు బైబిలు పాత నిబంధనలోని ప్రవక్తలు, క్రీస్తు కోసం వాళ్ల ఎదురుచూపు. ఎండ పడే దక్షిణపు గోడకు క్రీస్తు, నెరవేరిన మాట.

"అంకుల్, భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో మధ్యాహ్నం ఎండ ఉత్తరం నుంచి కదా వస్తుంది. కట్టినవాళ్లు అక్కడి ప్లాన్ అలాగే ఇక్కడ దించేశారు. ఇక్కడ మెరిసేది ప్రవక్తలే. క్రీస్తు కిటికీ మసగ్గా ఉంటుంది. నేను రోజూ చూస్తున్నాను" అన్నాను.

"అబ్బో, వాస్తు మొదలెట్టిందండీ! అమ్మాయ్, బుక్‌లో సౌత్ అంటే సౌతే. నువ్వు కుర్చీలు సర్దు, చాలు" అన్నాడాయన.

అందరూ పగలబడి నవ్వారు. ఈస్ట్ ఫేసింగ్ ఇల్లు దొరికేదాకా ఏడాదిపాటు ఏజెంట్ల ప్రాణాలు తోడేసిన మనిషి నాకు వాస్తు అంటగట్టాడు! ఒళ్లు మండిపోయింది. కుర్చీలు సర్దాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తితే ఒట్టు.

ఎంపిక ఇక్కడి నడి చలికాలం, జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. ఫాదర్‌తో పాటు ముప్పైమంది దాకా వచ్చారు. మొదటి వంతు అంకుల్‌దే. నేను దగ్గరికి వెళ్లి, "అంకుల్, సౌత్ విండో దగ్గరే ఎక్కువసేపు ఆపండి, హైలైట్ అదే కదా" అని తియ్యగా చెప్పాను.

ఆపాడు. "చూడండి, ట్వెల్వ్ అవగానే లైట్ ఎలా దిగుతుందో!" అంటూ కిటికీ వైపు చేతులు చాపి నిలబడ్డాడు. కిటికీ బూడిదరంగులోనే ఉండిపోయింది. ఎదుటి గోడ నుంచి ప్రవక్తల ఎరుపూ నీలమూ వచ్చి ఆయన తెల్లచొక్కా వీపు మీద పడ్డాయి.

"బాబూ, ఎండ నీ వెనకుంది" అంది ఒక పెద్దావిడ. గొల్లుమన్నారు. ఆ నవ్వు నా చెవులకు ఎంత హాయిగా ఉందో!

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదమ్మా?" అని బయట అడిగాడు అంకుల్.

"చెప్పాను అంకుల్. కుర్చీలు సర్దమన్నారు."

పని నాకే వచ్చింది. ప్రతి శనివారం ముందుగా ఆ దక్షిణపు కిటికీ దగ్గరే ఆగి, ఎండ కోసం చేతులు చాపిన ఒక గైడ్ కథ చెబుతాను. పేరు చెప్పను. పోయిన నెల అంకుల్ తన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. నా వైపు చూసి, వద్దన్నట్టు కొంచెం తల అడ్డంగా ఊపాడు.

చెప్పాను. చేతులు చాపి మరీ చూపించాను. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ మనవరాలే.