ఆర్ అక్షరానికి దారం లేదు

మా దవాఖానాలో ఒక్కో జబ్బుకు ఒక్కో రంగు దారం ఉండేది. భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట చిన్న మిషన్ దవాఖానా అది. వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువ. ఏ గదికి పోవాలో, ఏ మందుల కిటికీ దగ్గర నిలబడాలో చీటీ మీద రాసిస్తే ఏం లాభమని, నాకంటే చాలా ముందు పనిచేసిన ఒక డాక్టరమ్మ కార్డుకు చిల్లు పెట్టి దారం కట్టే పద్ధతి పెట్టిందట. మలేరియాకు ఆకుపచ్చ, టీబీకి పసుపు, కాన్సర్‌కు ఎరుపు. మూడు ఊళ్ల అవతలి ముసలమ్మకు కూడా ఈ రంగులు నోటికొచ్చు.

ఆ దారాలు కట్టేది నేనే. అసలు ఉద్యోగం మాత్రం కోడింగు. హైదరాబాద్‌లో ట్రైనింగయి వచ్చాను కాబట్టి మా కల్లూరులో అందరూ నన్ను సాఫ్ట్‌వేర్ అనుకునేవాళ్లు. రెండు వేల సంవత్సరం తర్వాతి రోజులు, కంప్యూటరంటే జనానికి భలే మోజు. నేనెందుకు కాదంటాను? నిజానికి నా పనల్లా కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాత చదివి, ప్రతి జబ్బుకూ లావుపాటి పుస్తకంలోంచి ఒక ఇంగ్లీషు అక్షరం, కొన్ని అంకెలు వెతికి ఎక్కించడం. కాన్సర్‌ది సీ అక్షరం. టీబీది ఏ. ఒంట్లోంచి తీసిన ముక్కలో ఏదో తేడా ఉంది గానీ అదేమిటో ఇంకా తేలలేదంటే ఆర్. అనుమానాన్ని జబ్బుగా రాయకూడదు, తేలేదాకా ఆర్ దగ్గరే ఆగాలి. ట్రైనింగులో నా బుర్రకెక్కిన రూలు ఇదొక్కటే. అందుకే తల తీసినా దాన్ని వదిలేదాన్ని కాదు.

ఒక ఎండాకాలం, బీడీలు చుట్టే తునికాకు కోత మొదలవబోతుండగా, అడవి లోపలి ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. సూదితో కాస్త తీసి ఖమ్మం పంపారు. కణాల్లో తేడా ఉంది, కాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, ముక్క కోసి చూస్తే గానీ చెప్పలేమని రిపోర్టు వచ్చింది.

కార్డు నా బల్ల మీదికొచ్చింది. వెనకే వార్డు సిస్టర్. ఆవిడకు ప్రతిదీ జల్దీ కావాలి.

"ఎర్రది కట్టెయ్. డాక్టర్ మొహం చూస్తే తెలుస్తలేదా?" అంది.

"డాక్టర్ మొహానికి కోడ్ లేదు సిస్టర్. ఇది ఆర్."

"మరి ఆర్‌కు ఏ రంగు?"

ఏ రంగూ లేదు. ఆ డాక్టరమ్మ దాని సంగతి ఆలోచించలేదు. "అయితే దారం కట్టను" అని కార్డు ఉత్తగా ఇచ్చేశాను. పెద్దమ్మ బల్ల అవతలే నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. కార్డు అటూ ఇటూ తిప్పింది. ఎర్ర దారం ఉండ వైపు ఒకసారి చూసింది. కార్డును కొంగులో ముడేసుకుని బయటికి నడిచింది. కోసే డాక్టర్ ఎప్పుడొస్తాడో చెబుదామని సిస్టర్ వెళ్లేసరికి ఆమె బస్సెక్కేసింది.

ఇంక సిస్టర్ నన్ను వాయించింది. "చూసినవా? దారం లేదంటే జబ్బే లేదనుకొని పోయింది! ఎర్రది కడితే ఆగేది."

"లేని జబ్బు అంటగట్టాల్నా మరి?" నేనూ తగ్గలేదు.

"మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి," అన్నాడు డాక్టర్. "అది కాన్సరే అయితే ఆకు సీజన్ అయిపోయేదాకా ఆగదు. ఆమె చచ్చిపోద్ది."

టీకాలకని జీపు ఆ వైపు వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాను. తోవంతా గుంతలే, నడుం హూనమైంది. పెద్దమ్మ ఇంటిముందు కూర్చుని ఆకు కట్టలు కడుతోంది.

"పెద్దమ్మా, మళ్ల రావాలె. ముక్క కోసి చూడాలె."

"దారం కట్టలే గద బిడ్డా. నాకేం లేదు."

"దారం లేకుంటే ఏం లేదని గాదు. ఏందో తెల్వదని!"

"ఏందో తెల్వదని చెప్పనీకి జీపేసుకొని వచ్చినవా?"

చుట్టుపక్కల ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో ఆమె ఒక కట్టను విడిగా పెట్టడం కనబడింది.

"అదెందుకు పక్కకు పెట్టినవ్?"

"మచ్చలున్నయ్. పారేద్దామంటే మనసొప్పది, మంచిదాంట్ల కలిపితే ఆకు కొనెటోళ్లు తిడ్తరు. కల్లం కాడ వాళ్లే చూసి చెప్పాలె."

"అవ్ పెద్దమ్మా! నీ గడ్డ గూడ గట్లనే. పారెయ్యలే, కలపలే. చూసి చెప్పాలె."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ మచ్చల కట్ట వైపు చూసింది. తర్వాత కట్టలు కట్టే నారలోంచి ఒక పోగు తెంపి, కొంగు ముడి విప్పి, కార్డుతో పాటు నా చేతిలో పెట్టింది.

"ఇది కట్టు. ఉత్త కార్డు పట్టుకొని నేను రాను."

కట్టాను. జీపులో నా పక్కనే కూర్చుని వచ్చింది.

ముక్క కోసి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆమె వార్డులోనే ఉంది, కదల్లేదు. నాకైతే చర్చిలో కూర్చున్నా ఆ గడ్డే గుర్తొచ్చేది. నా రూలు నెగ్గాలని కాదు, ఆమె బతకాలని.

రిపోర్టు చదివి గట్టిగా అరిచాను. టీబీ గడ్డ. మందులతో తగ్గిపోయేది. పసుపు ఉండ తీసుకుని వార్డుకు పరుగెత్తాను. పెద్దమ్మ లేచి నిలబడి నా చేతుల వైపే చూస్తోంది.

"పసుపు పెద్దమ్మా! పసుపు!"

ఆమె మంచం మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఊకో పెద్దమ్మా. ఆ రోజు దారం కట్టకుంటే ఏం లేదనుకొని ఉరికినవ్, మళ్ల పోతవేమోనని నా పానం కొట్టుకున్నది," అన్నాను నవ్వుతూ.

"నోటితోని అన్న గని, ఏం లేదని ఎవరనుకున్నరు బిడ్డా?" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఈ సిస్టరమ్మ ఎర్రది కట్టమంటుంటే నేను ఆడనే ఉన్న గద. నువ్వెప్పుడు కడతవోనని భయమైంది. కట్టకముందే ఉరికిన."

సిస్టర్ మొహం అటు తిప్పుకుంది. నేను నార విప్పబోతే పెద్దమ్మ వద్దంది. దాని పక్కనే పసుపు దారం ఎక్కించాను. తొందరలో ముడి వదులుగా పడింది.

"గట్టిగ కట్టు బిడ్డా," అంది, "ఊడిపోతది."