అవ్వ కోసం పోయించిన పెట్రోలు

మొదట నాకు ఆ కబురు తెచ్చింది మా వీధి చివర ఎస్‌టీడీ బూత్ నడిపే రత్నమ్మక్క. తొంభైల చివరి మాట. హిందూపురంలో మా ఇంటి గడప దగ్గర నిలబడి, ఆయాసంతో గుండెల మీద చెయ్యి వేసుకొని, "మంజులా, ధర్మవరం నుంచి మీ చిన్నాయన ఫోను చేసినాడు. మీ అవ్వకు బాగలేదంట. మీ నాయన్నీ నిన్నూ చూడల్లంటాందంట. బిన్నే బయల్దేరండి" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చిన ఆ తల్లికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను. ఆమె అంత కష్టపడి మిగిల్చిన సమయాన్ని నేనెలా తగలేశానో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నేనూ అప్పుడప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటాను. ఆ వెంటనే కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటాను, అంతే.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. చిన్నప్పుడు నాకు ఊరికే జ్వరాలొస్తుంటే బడికి పంపకుండా, చేటలో బియ్యం పోసి వేలితో అక్షరాలు దిద్దించింది ఆమే. అక్షరాలతో పాటు ఇంకొకటి కూడా నేర్పింది. దేవుడి దీపానికి నెయ్యి, ఇంట్లో దీపానికి నూనె, పశువుల కొట్టంలో లాంతరుకు కిరసనాయిలు. ఎవరికి ఏది తగునో అదే పోయాలి. ఈ నియమాన్ని నేనెంత భక్తిగా పాటించానంటే, నిక్షేపంలాంటి కారును నట్టనడి రోడ్డు మీద చంపేశాను.

నాయనకు అప్పుడు తుంటి విరిగి ఉంది. బస్సు మెట్లెక్కలేడు. అందుకని ఆయన పాత స్నేహితుడు ఖాదర్ మామ టాక్సీ స్టాండు నుంచి తన అంబాసిడరు తెచ్చాడు. నాయనను పసిబిడ్డలా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, "మధ్యాన్నానికంతా మీయమ్మ ముందర ఉంటావులే సామీ" అని మాటిచ్చాడు. నాయన నొప్పి మాత్ర వేసుకొని నిద్రపోయాడు.

పెనుకొండలో బంకు దగ్గర ఆగాం. కారు ముందుభాగం ఇడ్లీపాత్రలా ఆవిరి కక్కుతోంది.

"పాపా, నేను రేడియేటరుకు నీళ్ళు తెస్తా. ఈలోగా నువ్వు ట్యాంకు నిండా పోయించు" అని మామ డబ్బా పట్టుకొని వెళ్ళాడు. ఏం పోయించాలో చెప్పలేదు. ఎందుకు చెబుతాడండీ? భోజనానికి పిలిచినవాళ్ళకు అన్నం నోట్లో పెట్టుకోవాలని మనం చెబుతామా?

డీజిలు దగ్గర లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. పెట్రోలు దగ్గర తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన స్కూటరుతో నిలబడ్డాడు. చూడగానే తెలియడం లేదూ, ఏది నెయ్యో ఏది కిరసనాయిలో!

"ఏం పొయ్యల్లమ్మా?" అన్నాడు బంకాయన.

"పెట్రోలు పొయ్యప్పా."

"డీజిలు బండి మాదిరి ఉండాదే?"

"డీజిలు మేము చేన్లో ఇంజనుకు పోస్తాం. చావుబతుకుల్లో ఉండే మా అవ్వను చూసేదానికి పోతాండాం. ఈ పొద్దు కూడా డీజిలేనా?"

ఆయన నా ముఖం చూశాడు, కారు ముఖం చూశాడు. "మీ ఇష్టం తల్లీ" అని నిండా పోశాడు. నేను స్వామికి అభిషేకం చేయించినంత తృప్తిగా కారెక్కాను.

పెనుకొండ దాటి కొంత దూరం పోయామో లేదో, ఇనపడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు శబ్దం మొదలైంది. కారు దగ్గింది, ఎక్కిళ్ళు పెట్టింది, ముసలి ఎనుములా రోడ్డు పక్కకు ఒరిగి నిలబడిపోయింది. మామ దిగి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"పాపా, ఏం పోయించినావు?"

"మంచిదే మామా. పెట్రోలు."

"ఇది డీజిలు బండి తల్లీ!"

"తెలుసు మామా. దినామూ డీజిలే కదా, పాపం. ఈ ఒక్క దినమన్నా..."

మామ తలమీది తువ్వాలు తీసి ముఖం కప్పుకొన్నాడు. ఈలోగా నాయనకు మెలకువ వచ్చింది.

"ఏమైందబ్బా ఖాదరూ?"

మామ నన్ను చూశాడు. "నాదే తప్పు సామీ. తొందరలో పెట్రోలు పోయించేసినా."

నేను నోరు తెరిచాను. "మూసుకో" అని మామ గొంతు తగ్గించి అన్నాడు. "తల్లి కోసం పోతాండే మనిషికి ఈ పొద్దు బిడ్డ మీద కోపం యాల?"

ధర్మవరం బస్సు వచ్చింది. "మంజులా, నువ్వన్నా ఎక్కి పో. అవ్వ కాచుకోనుంటాది" అన్నాడు నాయన.

"నిన్నీడ వదిలి యాడికి పోయేది నాయనా?"

బస్సు వెళ్ళిపోయింది. మామ లారీ ఆపి మెకానిక్కు కోసం పెనుకొండకు తిరిగి వెళ్ళాడు. నేను కదిరి నరసింహస్వామిని పట్టుకున్నాను. "స్వామీ, ప్రహ్లాదుడు పిలిస్తే స్తంభంలోంచి వచ్చావు. నా కోసం ఈ బానెట్లోంచి రాకూడదా?" అని వేడుకున్నాను. స్వామి రాలేదు. చాలాసేపటికి ఆయన బదులు డీజిలు డబ్బాతో మెకానిక్కు వచ్చాడు, అదీ స్వామి దయే అనుకున్నాను.

అతను పెట్రోలంతా దింపి, పైపులు ఊదుతూ, "ఏమప్పా ఖాదరూ, ఇన్నేండ్లు బండి తోలినావు, ఏది యాడ పొయ్యల్లో తెలీదా?" అని ఒకటే ఎకసెక్కం. "వయసైపాయెనబ్బా" అని మామ నవ్వాడు. తప్పు చేసినదాన్ని పక్కనే పానా పట్టుకొని నిలబడి ఉన్నాను.

పొద్దు వాలుతుండగా ధర్మవరం చేరాం. చిన్నాయన ఇంట్లో ఎప్పుడూ ఆడే మగ్గం శబ్దం లేదు. లోపలికి పోకముందే అర్థమైంది. అవ్వ పోయి గంటయిందట. మామ నాయనను ఎత్తుకెళ్ళి ఆమె పక్కన దింపాడు. నాయన తల్లి పాదాల మీద తల పెట్టి, "ఆలీశమైపోయిందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట నేటికీ నన్ను వదల్లేదు.

చిన్నమ్మ నన్ను దగ్గరికి తీసుకొని చెప్పింది. మామ పెనుకొండ నుంచి పక్కింటికి ఫోను చేసి, తానే పెట్రోలు పోయించి కారు పాడుచేశానని చెప్పాడట. ఆ సంగతి అవ్వ చెవిలో వేస్తే కళ్ళు తెరిచిందట. "ఖాదరా? వాడట్ల చేసేటోడు కాదే. మా మంజుల చేసింటాది. దాన్నెవురూ ఏమీ అనద్దండి" అని నవ్విందట. నవ్వీ నవ్వీ దగ్గొస్తే నీళ్ళు తాగి పండుకొందట. ఇంక లేవలేదు.

నాయన అంతా విన్నాడు. నా చెయ్యి పట్టుకొని, "ఖాదరుకు అబద్ధం చెప్పేది యాడొస్తాదిలే" అన్నాడు. అంతకుమించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

ఆ మెకానిక్కు పుణ్యమా అని కథ హిందూపురం స్టాండుకు చేరింది. అప్పటినుంచి మామ 'పెట్రోలు ఖాదర్' అయిపోయాడు. "నేను పోయి అందరికీ నిజం చెప్తా మామా" అంటే, "ఊరుకో పాపా, స్టాండులో ముగ్గురు ఖాదర్లుండారు. పెట్రోలు అంటే నన్నే అని తెలిసిపోతాది, బాగుండాది" అనేవాడు. ఆయన జనాజా వెళ్తున్నప్పుడు కూడా, ఎవరు పోయారని అడిగినవాళ్ళకు జనం ఆ పేరే చెప్పారు.

కాబట్టి నరసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ బంకులోనూ నోరు తెరవను. ఏ బండి మీదా జాలిపడను. ఏ ఇంజనుకూ పండగ చేయను.

మీకు ఒక్క విన్నపం. హిందూపురంలో ఎవరైనా పెట్రోలు ఖాదర్ కథ చెబితే, కడుపారా నవ్వండి. నవ్వడం అయ్యాక మాత్రం ఆయనను ఒక్కసారి తలుచుకోండి. ఆ మనిషి తన బండిలో ఒక్కనాడు కూడా పెట్రోలు పోయలేదు.