యాదమ్మ అడగని నాలుగు పరీక్షలు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ముఖం ఎరగని మీకైతే చెప్పగలనేమో.

అప్పట్లో సంతోష్‌నగర్‌లోని ఒక చిన్న ల్యాబ్‌లో బిల్లులు రాసేదాన్ని. డాక్టరు చీటీలో ఉన్నవాటికి మరికొన్ని పరీక్షలు కలిపి రాయమనేవాడు యజమాని. చదువురానివాళ్లయితే మరీ సులువు. మొదట్లో రాసేముందు ఆగి ఆలోచించేదాన్ని. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

యాదమ్మ ఇంటింటికీ పాలు పోసే మనిషి. ఓ పొద్దున షుగర్ పరీక్షకు వచ్చింది. నేను థైరాయిడ్, కొవ్వు, లివర్, కిడ్నీ కూడా కలిపాను. రక్తం తీశాక బిల్లు ఎంతయిందో చెప్పాను.

“షుగర్ ఒక్కటే గదా బిడ్డా? గివన్నీ ఎవరు రాసిన్రు?”

“డాక్టర్ సారే రాసిండమ్మా.”

చీటీ నా చేతిలోనే ఉంది. అందులో ఉన్నది ఒక్క పరీక్షే.

“సారు గిన్ని రాసిండంటే నాకేదో పెద్దదే ఉన్నట్టుంది,” అంటూ ఉన్నదంతా ఇచ్చింది. “మిగిలిన పైసలు తెచ్చి రిపోర్ట్ తీస్కపోత.”

బాకీ కట్టనిదే రిపోర్టు ఇవ్వకూడదు. ఆమె రాలేదు. ఆ రిపోర్టు నేను చూశాను. నేను కలిపిన నాలుగూ బాగానే ఉన్నాయి. ఆమె అడిగిన షుగరే విపరీతంగా ఉంది. బిల్లు మీద ఆమె ఫోన్ నంబరుంది. ఎందుకు చేయలేదు? మరిచిపోయానా? లేదు. చేస్తే బిల్లు మాట వస్తుందని, ఆమె డాక్టరును అడుగుతుందని, నా అబద్ధం బయటపడి ఉద్యోగం పోతుందని భయపడి, రేపో మాపో ఆమే వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ రోజులు గడిపేశాను.

ఆర్నెల్ల తర్వాత వాళ్ల గల్లీలోంచి వెళ్తుంటే పిలిచింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. మోకాలి కింద కుడికాలు లేదు. షుగర్ వల్ల పుండు మానక తీసేశారట.

“రిపోర్ట్ తీస్కుంటే ముందే తెలుస్తుండె. పైసలు జమ కాలే. తప్పు నాదే బిడ్డా,” అని, కూతురితో నాకు చాయ్ పెట్టించింది.

తాగాను. లేచి వచ్చేశాను. తర్వాతి నెల ఉద్యోగం మానేశాను. మానేస్తే ఏమైంది? ఆమె కాలు రాలేదు కదా.

పోయిన ఏడు యాదమ్మ చనిపోయింది, తప్పు తనదేననుకుంటూ.

తప్పు ఆమెది కాదు. అడగని పరీక్షలు రాసింది నేను. అడిగిన పరీక్ష ఫలితం చెప్పనిదీ నేనే. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేదు. ఇన్నేళ్లకు నిజం ఒకసారి పైకి అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.