బీబీ ఆవును పిలిచిన పొద్దు

దయ్యాలు, భూతాలు నమ్మే మనిషిని కాను. నిజామాబాద్‌లో పదహారేండ్లు సోషల్ టీచర్‌గా చేసిన. బడి వెనక బావిలో దయ్యముందని పుకారు లేపినోళ్లందరితో గోడకుర్చీ వేయించిన. అసుంటి నేను ఇది రాస్తున్ననంటే మా ఆయనే నవ్వుతున్నడు. నవ్వనీ. చెవులారా విన్నది విన్నట్టు చెప్తున్న.

మేం కెనడాలోని బర్నబీలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కిరాయికుంటం. పైన ఓనర్ నిగీనా, ఆమె తల్లి ఉంటరు. తల్లిని అందరం బీబీ అంటం. ఎనభై దాటినయి. వాళ్లది తజికిస్తాన్‌లోని పామీర్ కొండలు.

ఆ మాట విన్ననాడు నాకు సిగ్గనిపించింది. పామీర్ పీఠభూమిని ఏమంటారు అని ఎన్ని క్లాసులకు ఖాళీలు పూరింపించిన! ప్రపంచపు పైకప్పు. ఒక మార్కు. ఆ పైకప్పు మీద మనుషులుంటరని, వాళ్లకు ఆవులుంటయని, వాళ్ల ఆడోళ్లు పగలబడి నవ్వుతరని ఒక్కనాడన్నా పిల్లలకు చెప్పిన్నా? నాకే తెలిస్తే కదా.

నిగీనా పొద్దున ఆరింటికే డ్యూటీకి పోతది. డేకేర్‌లో నా షిఫ్ట్ పదింటికి. అందుకని బీబీని వాకింగ్‌కు తీసుకుపోయే పని నేనే నెత్తికెత్తుకున్న. ఆమెకు ఇంగ్లిష్ రాదు, నాకు వాళ్ల కొండ భాష రాదు. కానీ ఆమెకు తజిక్ వచ్చు, నాకు నిజామాబాద్ ఉర్దూ వచ్చు. దోస్త్, జవాబ్, దరియా అంటే నది, ఖబర్ అంటే కబురు, జిందా అంటే బతికుండుడు, ఇవన్నీ రెండింట్లో ఒకటే. మిగతాది చేతులతో, కండ్లతో నడిపించినం. అర్థం కానిది సాయంత్రం నిగీనాను అడిగేదాన్ని.

వాళ్ల ఊరు పంజ్ నది ఒడ్డున. అవతలి ఒడ్డు అఫ్గానిస్తాన్. రెండు దిక్కులా ఒకటే జనం, ఒకటే భాష, ఇండ్లు కూడా ఒకే తీరు. నూటముప్పై ఏండ్ల కింద రష్యా చక్రవర్తి, ఇంగ్లిష్ దొరలు కలిసి ఆ నదినే సరిహద్దు చేసిన్రు. మేనత్త ఒక దేశమైంది, మేనకోడలు ఒక దేశమైంది. ఆ కొండలన్నీ వెతికినా జనం పిడికెడే, మిగతాదంతా రాళ్లు, మంచు. ఆ పిడికెడు మందిని కూడా రెండు చేసిన్రు, వాళ్ల చేతులు పడిపోను! నేనట్ల తిడితే, మాట అర్థం కాకున్నా బీబీకి నవ్వొచ్చేది.

ఆమె చిన్నప్పుడు అవతలి ఒడ్డున ఆమె ఈడుదే షీరీన్ అని ఒక పిల్ల ఉండేదట. పొద్దుగూకే వేళ ఆవులను మళ్లేసుకొచ్చేందుకు ఇద్దరూ ఒడ్డుకొచ్చేటోళ్లు. అటోళ్లతో మాట్లాడితే సోవియట్ సిపాయిలు ఊకోరు. ఆవును పిలుచుకుంటే ఏమంటరు? అందుకని ఆవును పిలిచినట్టే పిలుచుకుంట, అందులోనే ఖబర్ కలిపేటోళ్లు. "రావే ఎర్రావూ, మా అక్కకు కొడుకు పుట్టిండు, రావే." సిపాయికి ఆ భాష రాదు, పాపం, ఆవుకు ఇంత కథెందుకో అనుకొనుంటడు.

అట్ల యాభై ఏండ్లు! పెండ్లిళ్లు, కాన్పులు, చావులు, అన్నీ ఆవు మీద పెట్టే చెప్పుకున్నరు. వంతెన కట్టినంక అక్కడ వారం వారం సంత పెడితే, ఆ సంతలో మొదటిసారి ఒకరినొకరు ముట్టుకున్నరు. అప్పటికి ఇద్దరికీ అరవై.

తర్వాత బీబీ కూతురి దగ్గరికి వచ్చేసింది. అవతలి ఒడ్డున సర్కారు మారింది, వంతెన మూసిన్రు, షీరీన్ ఇంటి ఫోన్ పలకలేదు. నాలుగేండ్లుగా ఏ ఖబరూ లేదు. ఆ ఖబర్ తప్ప బీబీకి వేరే కోరిక లేదు. టీచరమ్మకు తెలియనిది ఉంటదా అన్నట్టు నన్నే అడిగేది, "షీరీన్ జిందా?" అని. ఏమని చెప్పాలె? మొన్నటి చలికాలం పోయేసరికి ఆమె తిండి సగమైంది. రోగమేం లేదన్నడు డాక్టర్. నాకు భయమైంది.

జూన్‌లో ఒకనాడు "దరియా, దరియా" అని మారాం చేస్తే, కారులో ఫ్రేజర్ నది ఒడ్డుకు తీసుకుపోయిన. పొద్దున ఏడైంది. నీళ్లను చూసింది, అవతలి చెట్లను చూసింది, ఆవును పిలిచింది. అమ్మో, ఆ వయసులో అంత గొంతా! ఒకాయన ఆగి, కుక్క తప్పిపోయిందా అని మర్యాదగా అడిగిండు. కుక్క కాదు, ఆవు అని చెప్పిన. ఆయన రెండడుగులు వెనక్కేసి, జల్దీ జల్దీ పోయిండు.

ఇంక రోజూ అదే. సరిగ్గా ఏడింటికే పోవాలె, ఎనిమిదింటికి తీసుకుపోతే అలిగేది. ఎందుకబ్బా అని ఇంటికొచ్చి లెక్కేసిన. ఇక్కడ పొద్దున ఏడంటే షీరీన్ ఊర్లో సాయంత్రం ఆరున్నర. ఆవులు ఇంటికొచ్చే వేళ. బీబీ గడియారం పెట్టుకోదు.

పదకొండో రోజు గురువారం. ఆకాశం తేటగా ఉన్నది, గాలి లేదు, నది మీద పడవ లేదు. బీబీ పిలిచింది. అవతలి ఒడ్డు నుంచి జవాబు వచ్చింది.

ఆడమనిషి గొంతు. ముసలిది, బొంగురుగా ఉన్నది. ప్రతిధ్వని అందామంటే మాటలు వేరు, రాగం వేరు. అవతల చెట్లు, ఒడ్డుకు కట్టేసిన దుంగలు, అంతే, మనిషన్నవాడు లేడు. మా పక్క నుంచి పోతున్న ఒకామె కుక్క టక్కున ఆగి, చెవులు నిక్కబొడుచుకొని అటే చూసింది. బీబీ మళ్లీ పిలిచింది. మళ్లీ జవాబు. అట్ల మూడుసార్లు. "జిందా! జిందా!" అని నన్ను పట్టుకొని ఏడ్చుకుంట నవ్వింది.

 ఆ ఊపులో ఏం చేస్తున్ననో తెలియక, నోటికి రెండు చేతులు అడ్డం పెట్టి, "ఓ షీరీనమ్మా, బాగున్నవా?" అని తెలుగులోనే అరిచిన. దానికి జవాబు రాలేదు.

బీబీకి జవాబొచ్చిందని నిగీనాకు చెప్పిన. నేను అరిచిన సంగతి మాత్రం ఆమెకు కాదు కదా, మా ఆయనకు కూడా చెప్పలేదు. సిగ్గు. బీబీ ఆ పూట రెండు రొట్టెలు తిన్నది.

ఆగస్టులో నిగీనా ఫోన్‌కు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. షీరీన్ మనవడు ఇంట్లో రికార్డు చేసి, పట్నానికి పోయినప్పుడు అక్కడి నుంచి పంపిండట. ముగ్గురం వంటింట్లో కూర్చొని విన్నం. ఆ బొంగురు గొంతు నేను గుర్తుపట్టిన. నిగీనా ఆపి ఆపి ఇంగ్లిష్‌లో చెప్పింది. నాలుగేండ్లు ఒడ్డుకు పోయి నిన్ను పిలిచిన, ఇంట్లోవాళ్లు పిచ్చిదన్నరు, ఈ ఎండాకాలం నువ్వు పలికినవు, ఇంక నాకు చాలు. అంతవరకు మామూలుగానే చెప్పింది. తర్వాత, నీ పక్కన ఇంకొకామె ఏదో అరిచింది, ఎవరామె, ఆ మాటకు అర్థమేంది అని అడుగుతున్నదన్నది.

ఫోన్‌లో ఆ ముసలామె కూడదీసుకొని ఆ మాట పలికింది. "బా... గున్నవా."

ఇది మా భాష కాదే, అన్నది నిగీనా. నేను ఫోన్ నా చేతికి తీసుకున్న.

చల్లటి నీళ్ల మీద శబ్దం చాలా దూరం పోతదని మా బడి సైన్స్ పుస్తకంలో చదివిన. ఎంత దూరం పోతది? మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉన్నది, చైనా ఉన్నది. మెసేజ్ మళ్లీ మళ్లీ విన్న. అదే మాట, మా నిజామాబాద్ సాగదీతతో సహా. 

బీబీకి మాత్రం ఇందులో వింతేం కనపడలేదు. కోపంగా నా భుజం మీద ఒక్కటేసింది. "దోస్త్," అని ఫోన్ చూపించి, "జవాబ్!" అన్నది. నా దోస్త్ నిన్ను అడిగింది, జవాబియ్యవా అని.

మర్నాడు ఏడింటికి ఫ్రేజర్ ఒడ్డున నిలబడి గొంతు పోయేటట్టు అరిచిన. "బాగున్న షీరీనమ్మా! మేమిద్దరం బాగున్నం!"